మూడు కాళ్ళ కంచు పాత్ర

రిటైరయ్యాక మా ఆయనకి రెండు పిచ్చులు పట్టుకున్నాయి. ఒకటి ఎస్టేట్ సేల్స్‌కి తిరగడం. అంటే పోయినవాళ్ళ ఇంట్లో సామానంతా బయటపెట్టి అమ్మేస్తారే, అవి. రెండోది, మన గుళ్ళలోంచి ఎత్తుకుపోయిన విగ్రహాల మీద ఉపన్యాసాలు. నలభై ఏళ్ళు గుండెజబ్బులకి వైద్యం చేసిన మనిషి, ఇప్పుడు అమెరికాలో మా క్యారీ ఊళ్ళో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా సాంబారు వడ్డించేలోపే అందుకుంటారు. "దొంగలండీ! ఈ మ్యూజియంలన్నీ దొంగసొత్తేనండీ!" పాపం, జనం తలలూపుతూ అప్పడాలు నములుతారు.

అంతటి మహానుభావుడు ఓ శనివారం మూడు కాళ్ళ కంచు పాత్ర ఒకటి పట్టుకొచ్చారు. ఒళ్ళంతా ఆకుపచ్చటి చిలుము, లోపల గడ్డకట్టిన మట్టి. చైనాదట. తీసుకొచ్చి మా వినాయకుడి పక్కన పెట్టారు.

వారం తిరక్కుండా పక్కింటావిడ దాన్ని చూసింది. ఆవిడది చైనా. ఇక్కడే ఫార్మా కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయింది. పెరట్లో కాసిన వంకాయలు ఇద్దామని వచ్చి, పాత్ర కంటపడగానే సంచీ కింద పెట్టి దాని ముందు చతికిలబడిపోయింది. ఆవిడ పుట్టిన ఊరి వెనక కొండలో పాత సమాధిని దొంగలు తవ్వేశారట. వాళ్ళు వదిలేసిపోయిన రెండు పాత్రలు అచ్చం ఇలాగే ఉంటాయట. ఇది మూడోదని తేలితే ఆ ఊరి మ్యూజియంకి చేర్చాలని ఆవిడ ఆశ.

"నా దగ్గర రిసీట్ ఉందండీ," అన్నారు మా ఆయన.

"మన విగ్రహాలు కొన్నవాళ్ళ దగ్గర మాత్రం ఉండదా ఏమిటి?" అన్నాను. రెండు రోజులు నాతో మాటల్లేవు. మూడో రోజు ఇచ్చేస్తానన్నారు. ఊరికే ఇస్తే ఎలా? ఆదివారం మనవాళ్ళందరినీ పిలిచి, ఉపన్యాసమిచ్చి, ఆవిడకి శాలువా కప్పి, ఫొటోలు తీయించుకుని మరీ ఇస్తారట.

ఆదివారం పొద్దున ఆయన అద్దం ముందు స్పీచ్ ప్రాక్టీస్ చేసుకుంటుంటే, నేను పాత్ర వంటింట్లోకి తెచ్చాను. ఒకరి గిన్నె మురికిగా తిరిగిస్తామా? ఖాళీగా ఇస్తామా? మా అమ్మ చూస్తే వీపు చీరేసేది! లోపలి మట్టిని వేణ్ణీళ్ళతో నానబెట్టి, గోకి, సింకులోకి వదిలేశాను. చింతపండూ ఉప్పూ వేసి తోమాను. సమాధిలోదాయె, రెండోసారి కూడా తోమాను. బంగారంలా తళతళలాడింది. అడుగున ఫాయిల్ పరిచి, నిండా సున్నుండలు పెట్టి, పైన తువ్వాలు కప్పాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

ఉపన్యాసం అయింది, శాలువా అయింది. మా ఆయన తువ్వాలు తీశారు. అందరూ చప్పట్లు. ఆవిడ మాత్రం సున్నుండలు ఒక్కొక్కటే పళ్ళెంలోకి తీసి, ఫాయిల్ లేపి, లోపల వేలితో తడిమింది.

"మట్టేదీ?" అంది. "కడగొద్దని డాక్టర్ గారికి చెప్పానే. ఆ మట్టీ సమాధి మట్టీ ఒకటేనని టెస్ట్‌లో తేలితేనే మా వాళ్ళు నమ్ముతారు."

నేను ఆయన వైపు తిరిగాను.

"చెప్పారోయ్," అన్నారు నసుగుతూ. "స్పీచ్ హడావిడిలో పడి నీకు చెప్పడం మర్చిపోయాను."

ఆయన్ని అక్కడే కడిగేద్దును. కానీ తోమిన చేతులు నావి. ఎవరినైనా ఒక్క మాట అడిగానా? అంట్లు తోమడం నాకొకరు నేర్పాలా అన్న పొగరు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ శాలువాతోనే వంటింట్లోకి నడిచి, సింకు పక్కనున్న పీచు తీసి కిటికీ వెలుతురులో పట్టి చూసింది. పోగుల మధ్య కాస్త బురద, కాస్త ఆకుపచ్చ చిలుము.

"ఒక జిప్‌లాక్ సంచీ ఇస్తారా?" అంది.

ఇచ్చాను. తళతళలాడే పాత్రని మా బల్ల మీదే వదిలేసి, ఆ పీచుని సంచీలో వేసి రెండు చేతులా పట్టుకుని వెళ్ళిపోయింది.