మగపిల్లల బడిలో జగ్రూతా

ఈజిప్టులోని దమన్‌హూర్ మగపిల్లల బడికి ఇన్సాఫ్ అనే ఆవిడ ప్రిన్సిపాలుగా వచ్చిన రోజే టీచర్ల గదిలో పందేలు మొదలయ్యాయి. రంజాన్ దాకా కూడా నిలవదని డ్రిల్లు మాస్టరు వగ్ది తేల్చేశాడు.

పాత ప్రిన్సిపాలు రబ్బరు గొట్టంతో బాదుతూ బడిని నడిపాడు. ఆయన దగ్గితే చాలు, పిల్లలు బిగుసుకుపోయేవారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఇన్సాఫ్ కూడా అదే గొట్టం పట్టుకుని ఉదయం వరుసల ముందు నిలబడింది. "నిశ్శబ్దం" అని గొంతు బొంగురు చేసి అరవబోతే అది సగంలో కీచుమంది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె గొట్టాన్ని తోటమాలి చేతిలో పెట్టి, మొక్కలకు నీళ్ళు పెట్టుకోమంది.

ఇంతలో కబురొచ్చింది. సోమవారం వరుసలు చూడడానికి ఇన్‌స్పెక్టరు ముఖ్తార్ వస్తాడట. గందరగోళంగా ఉంటే ఆమెను తిరిగి ఆడపిల్లల బడికి పంపేస్తారట. ఇన్సాఫ్‌కు వెళ్ళాలని లేదు. "అబ్లా", అంటే టీచరమ్మా, అంటూ చుట్టూ మూగే ఈ అల్లరి మూక మీద ఆమెకు అప్పటికే పిచ్చి ప్రేమ.

సోమవారం మైకు మూగబోయింది. ముఖ్తార్ ఎదుటే పిల్లలు సంత చేశారు. వగ్ది విజిలు ఊది ఊది అలిసిపోయాడు.

"ఆ గొట్టం ఉంచుకోవాల్సింది అబ్లా. ఇక పెట్టె సర్దుకోండి" అని గొణిగాడు.

సరిగ్గా అప్పుడే, రోజూ ఆలస్యంగా గోడ దూకి వచ్చే బక్రీ తల దువ్వుకుని, వేళకు, గేటులోంచి నడిచొచ్చాడు. ఇన్సాఫ్‌కు సంతోషంతో ఒళ్ళు తెలియలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాలుక గిరగిరా ఆడిస్తూ, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు తీసే సంబరాల కూత, జగ్రూతా, తీసింది. అది ఎంతకీ ఆగలేదు.

బడంతా గప్‌చుప్.

"పెళ్ళెవరిదబ్లా?" అన్నాడొకడు.

"పెళ్ళి కాదురా. మన బక్రీ టైముకొచ్చాడు."

బక్రీ చెవులు ఎర్రబడ్డాయి. "నేను రోజూ టైముకే వస్తా కదబ్లా, నాకేది?" అని ఇంకొకడు అలిగాడు.

"ముందు లైన్లో నిలబడు, చూద్దాం."

తోసుకుంటూ, నవ్వుకుంటూ అందరూ వరుసలు కట్టేశారు.

ముఖ్తార్ గొంతు సవరించుకున్నాడు. "ఇది రూల్సులో ఎక్కడుంది మేడం?"

"రబ్బరు గొట్టం రూల్సులో ఎక్కడుందో చూడండి సార్. దాని పక్కనే ఉంటుంది."

ఆయన మీసం కింద నవ్వు దాగలేదు. "మీరెక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఇక్కడే ఉండండి" అన్నాడు.

ముందు వరుస ఆ మాట విన్నది. బక్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. వెనకే బడి మొత్తం, అప్పుడప్పుడే పగులుతున్న మగగొంతులతో, ప్రిన్సిపాలు కోసం జగ్రూతా అందుకుంది. ఒక్కడికీ సరిగ్గా రాలేదు. ఇన్సాఫ్ అందరి ముందూ ఏడ్చేసింది.