తలకిందులైన అరవై ఆరు

ఆ రోజుల్లో నాకు గాలి మీద అపారమైన పాండిత్యం ఉండేది. సైకిలు పందెంలో మనిషి ఓడిపోయేది కాళ్ల వల్ల కాదనీ, ఒంటి మీద రెపరెపలాడే ప్రతి గుడ్డముక్కా వెనక్కి లాగడం వల్లేననీ గాజువాక షేర్ ఆటోల్లో పక్కవాళ్లకు వివరించేవాణ్ణి. (వాళ్లు దిగాల్సిన చోటుకు ముందే దిగిపోయేవారు.) అప్పుడు నేనొక కర్మాగారంలో ట్రైనీని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా నాన్న లెక్కలో సైకిలంటే ఉద్యోగం దొరికేదాకా తొక్కి, దొరికాక అమ్మేయాల్సిన వస్తువు. ఒక్క కప్పు తెచ్చి చూపిస్తే ఆ మాట మళ్లీ ఎత్తనన్నారు. అందుకే కూర్మన్నపాలెంలో పందెమని తెలియగానే పేరిచ్చేశాను.

నాకు అరవై ఆరో నంబరు వచ్చింది. పందెం పెద్ద ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కనక విజిల్ మాస్టారు అనేవాళ్లం. నంబరు కాగితం వీపు కింద, నడుం దగ్గర పెట్టుకోవాలనీ, నాలుగు మూలలా పిన్నీసులు గుచ్చాలనీ, మడవకూడదనీ, కత్తిరించకూడదనీ ఆయన మైకులో చెబుతూనే ఉన్నారు. నేను వింటూనే కత్తెర అడిగి తెచ్చుకున్నాను. కాగితం అడుగున ఏదో వంటనూనె ప్రకటన ఉంది. నా వీపు మీద నూనె అమ్మడం నాకిష్టం లేదు; పైగా గాలికి అడ్డం. ఆ ముక్క కత్తిరించి పారేశాను. మిగిలినదాన్ని గుచ్చే పని మా బావకు అప్పగించాను. బావంటే చుట్టం కాదు. హార్బరులో వాళ్ల నాన్నతో బోటు మీద వేటకెళ్లే స్నేహితుడు.

“ఇది ఎటేపు పైకి బావా?” అన్నాడు వాడు కాగితం తిప్పి చూస్తూ.

“ఎటైనా పర్లేదు, గట్టిగా గుచ్చు” అన్నాను.

బయలుదేరే ముందు నంబర్లు సరిచూడాలని నియమం ఉంది. కానీ సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి కారు వచ్చింది. నియమాలన్నీ పూలగుత్తులు పట్టుకుని అటు పరిగెత్తాయి.

మా కర్మాగారం క్వార్టర్ల రోడ్ల మీద చుట్లు తిరిగే పందెం అది. మా సెక్షన్ ఆఫీసరుగారు కూడా దిగారు, నంబరు తొంభై తొమ్మిది. సైకిలు విదేశీ, కళ్లద్దాలు విదేశీ, ఊపిరి మాత్రం స్వదేశీ. మొదటి చుట్టు పూర్తి కాకుండానే కొబ్బరిబోండాల బండి దగ్గర ఆగి, అక్కడే ఉండిపోయారు. నేను మాత్రం ప్రాణాలు పెడల్లో పెట్టి తొక్కాను. చివరి మలుపులో ఇద్దర్ని దాటి మూడోవాడిగా గీత దాటినప్పుడు కళ్ల ముందు రోడ్డు కనిపించలేదు, నాన్న ముఖం కనిపించింది.

“మూడో స్థానం, తొంభై తొమ్మిది” అంది మైకు.

ఆఫీసరుగారి నోట్లో ఇంకా స్ట్రా ఉంది. ఆయన ఒక్క క్షణం ఆశ్చర్యపోయారు, అది నేను కళ్లారా చూశాను. ఎవరడిగినా సాక్ష్యం చెబుతాను. తర్వాత బోండాం కింద పెట్టి, మూతి తుడుచుకుని, వేదికెక్కి కప్పు అందుకుని, పట్టుదల గురించి నాలుగు మాటలు మాట్లాడారు.

బావ ఊరుకోలేదు. నన్ను విజిల్ మాస్టారి ముందుకు లాక్కెళ్లాడు. ఆయన నన్ను వెనక్కి తిరగమన్నారు. చూసి, తొంభై తొమ్మిదే కదా అన్నారు.

“కాదు మాస్టారూ, అరవయ్యారు. నానే తలకిందులుగా గుచ్చీసేను” అన్నాడు బావ.

మాస్టారు కాగితం ఊడదీసి అటూ ఇటూ తిప్పారు. ఎటు తిప్పినా దానికి అభ్యంతరం లేదు. అడుగున ప్రకటన ఉంటే ఏది కిందో తెలిసేది కదా, అదేదీ అని అడిగారు. గాలి కోసం కత్తిరించానన్నాను.

“గాలికే పోయింది మరి” అన్నారాయన. ఆఫీసరుగారు ఒక్క మాట చెబితే మార్చి రాస్తామన్నారు. అందరం ఆయన వైపు చూశాం. ఆయన కప్పు చంకలోకి మార్చుకుని, నా భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

“నువ్వు మన సెక్షనే కదూ? కన్ఫర్మేషన్ ఎప్పుడు?”

“వచ్చే నెల సార్.”

“ఇంతకీ నీ నంబరెంత?”

నేను మాస్టారి వైపు చూశాను, కాగితం వైపు చూశాను. “కంగ్రాట్స్ సార్” అన్నాను.

గాజువాక దాకా ఇద్దరం కలిసే వెళ్లాం. అక్కడ బావ, “నీకోసం నాను దెబ్బలాడతంటే నువ్వు ఆడికి దండం ఎడతావేటి బావా” అని ఒక్క మాటన్నాడు. ఇంట్లో నాన్న అడిగితే మూడోవాడిగా వచ్చానన్నాను. కప్పేదిరా అన్నారు. ఆఫీసులో ఉందన్నాను. (అందులో అబద్ధమేమీ లేదు. ఆఫీసరుగారు దాన్ని బల్ల మీద పెట్టి పెన్నులు వేసుకునేవారు. నా ఉద్యోగం ఖాయం చేసిన సంతకానికి పెన్ను అందులోంచే తీశారు.) నాన్న ఆ తర్వాత సైకిలు అమ్మమని అనలేదు.

ఇన్నేళ్ల తర్వాత, కిందటి శీతాకాలం మళ్లీ పేరిచ్చాను. ఇప్పుడు పొట్ట ముందు, నేను వెనక. నంబరు నడుం మీద తిన్నగా పెట్టించుకుని, నాలుగు మూలలా పిన్నీసులు గుచ్చించుకున్నాను. ప్రకటన జోలికి పోలేదు. నేను గీత దాటేసరికి షామియానా విప్పేశారు. రాసుకునేవాళ్లు రాసుకుని వెళ్లిపోయారు. కుర్చీలు ఎత్తుతున్న ఆయన నా నంబరు తప్పులేకుండా పైకి చదివి, “మీరింకా ఉన్నారేటి అంకుల్” అన్నాడు. ఉన్నానని చెప్పి, ఆయన ఎత్తబోతున్న కుర్చీలోనే కాసేపు కూర్చున్నాను. మోకాళ్లు మూలుగుతున్నాయి. ఎవడి నంబరుతోనో అంత జోరుగా దూసుకుపోయిన అప్పటి కుర్రాడు గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుంటూ, కుర్చీ ఆయనకు అప్పగించి లేచాను.