గడ్డి దుడ్డె ఊపిరి

ఊపిరి తీసుకోవడం బడిలో నేర్పుతారని మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. పుట్టిన పిల్ల బొడ్డు కోయకముందే నేర్చుకునే విద్య అది. దానికి మళ్లీ ఒక పీరియడా? నేను బడి గడప తొక్కలేదు. బర్రెలకు తెచ్చే గానుగ చెక్క, తవుడు చుట్టి ఇచ్చిన పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నవాణ్ణి. బడివాళ్లు ఏం చెప్పినా ముందు అనుమానించడం నా అలవాటు.

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. కోపం మాత్రం మా నాయనది. "నీ దగ్గర పేడ వాసన" అన్నదని పక్క పిల్ల మీదికి టిఫిన్ డబ్బా విసిరింది. బడివాళ్లు ఇంట్లో పెద్దవాళ్లను రమ్మన్నారు. నా కొడుకు ఉప్పుగూడ గల్లీల్లో పాలు పోయడానికి పోయాడు కాబట్టి నేనే వెళ్లాను.

మేడం నన్ను ఒక తరగతి గుమ్మం దగ్గర నిలబెట్టి పెదవుల మీద వేలు పెట్టుకుంది. లోపల పిల్లలందరూ చాపల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. కళ్లు మూసుకున్నారు. ఒక్కొక్కరి కడుపు మీద ఒక్కో బొమ్మ. ఏనుగు, కుందేలు, గుడ్డపాప. పిల్లలది ఒక్క వేలు కూడా కదలడం లేదు. బొమ్మలే లేస్తున్నాయి, దిగుతున్నాయి. పిల్లలు పోయి బొమ్మలు బతికినట్టు ఉంది ఆ గది.

"కోపం వస్తే అణచుకోవద్దు, ఊరికే చూడమని చెప్తాం" అంది మేడం.

"చూస్తే పోతదా మేడం? నాది డెబ్బై ఏండ్ల సంది చూస్తున్న" అన్నాను.

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ వారమే మా కొట్టంలో బర్రె దుడ్డె చచ్చిపోయింది. పుట్టి పది రోజులన్నా కాలేదు. దుడ్డెను నాకితే గాని తల్లిబర్రె పాలు చేపదు. అందుకే పాలవాళ్ల ఇళ్లలో పాత మోసం ఒకటుంది. చచ్చిన దుడ్డె తోలు ఒలిచి, ఉప్పూ పసుపూ రాసి ఆరబెట్టి, లోపల వరిగడ్డి కుక్కి కుట్టి తల్లి ముందర పెడతారు. అది తన బిడ్డే అనుకుని నాకుతుంది, పాలు దిగుతాయి. నా చిన్నప్పుడు మా నాయన చేసిన దానికి కళ్ల చోట చింతగింజలు పెట్టాడు. చాలా రోజులు నేను ఆ పక్కకు పోలేదు. ఈసారి దబ్బనం పట్టి కుట్టింది నేనే.

బర్రె వాసన చూసింది. మూతితో పక్కకు నెట్టింది. తలుపు వైపు చూస్తూ నిలబడింది. చుక్క పాలు దిగలేదు.

"సూది ఏస్తే దిగుతయ్ బాపు" అన్నాడు కొడుకు.

"సూది గిట్ల తెచ్చినవంటే ముందుగాల నీకే పొడుస్త."

"మరి ఏం జెయ్యమంటవ్? పాలియ్యని దానికి మేత యాడికెళ్లి తేవాలె? శుక్రవారం దాక చూస్త. అప్పటికీ చేపకుంటే అమ్ముడే."

అమ్మితే ఎక్కడికి పోతుందో ఇంట్లో అందరికీ తెలుసు. మనవరాలికీ తెలుసు. ఆ బర్రె మెడ మీద చెయ్యి వెయ్యకుండా బడికి పోదు అది. ఇక ఇల్లు పీకి పందిరి వేస్తుందనుకున్నాను. పిల్ల లోపలికి పోయి, బండల మీద పడుకుని, కడుపు మీద గుడ్డపాపను పెట్టుకుంది. పాప లేస్తోంది, దిగుతోంది. దీని కంట్లో తడి లేదు. ఏడ్చే పిల్లనైతే ఎత్తుకుంటాం. దీన్నేం చెయ్యాలి?

"ఏడువు బిడ్డా. జర లొల్లన్న చెయ్యి."

"ఆగు తాత. కోపాన్ని చూస్తున్న."

"యాడున్నది?"

"ఇగో, పాప కింద."

మర్నాడు పొద్దున పాలు తీసే వేళకు కొట్టంలోకి పోయి గుమ్మంలోనే ఆగిపోయాను. బర్రె కాళ్ల ముందర గడ్డి దుడ్డె ఊపిరి తీసుకుంటోంది. నేను వేసిన కుట్లు విచ్చుకుంటున్నాయి, మళ్లీ దగ్గరపడుతున్నాయి. దాని కింద నుంచి రెండు చిన్న పాదాలు కనబడేదాకా నేను గుమ్మం దాటలేదు. మనవరాలు దాన్ని కడుపు మీద పెట్టుకుని పడుకుంది.

బర్రె చెవులు ముందుకు తిప్పింది. గొంతులోంచి సన్నగా ఒక పిలుపు. దుడ్డె పుట్టిన రోజు తర్వాత ఆ పిలుపు నేను వినలేదు. వంగి నాకడం మొదలుపెట్టింది.

"బాపు, చేపింది" అన్నాడు కొడుకు గుసగుసగా.

శుక్రవారం వచ్చిన బేరగాడు ఉత్త చేతులతో పోయాడు. కాని పొద్దునా మాపూ ఆ పిల్ల ఆ తోలు కింద పడుకోవాల్సిందే. లేకుంటే చేపదు, చేపకుంటే అమ్మకం తప్పదు. పాలు తీయడం అయిపోయినా ఒక్కోసారి లేచేది కాదు. నేనే గద్దించి లాగేవాణ్ణి.

"అది నాకంటె మెల్లగ ఊపిరి తీసుకుంటది తాత" అంది ఒకరోజు.

"ఏది?"

గౌను మీది గడ్డి దులుపుకుంది.

ఒక సాయంత్రం బడివాళ్లు పిల్లల్ని జూకు తీసుకుపోయి ఇంకా రాలేదు. బర్రె కట్టు తెంపుకునేలా ఉంది.

"ఇగ నువ్వే పండాలె బాపు" అన్నాడు కొడుకు.

బడినీ, మేడంనూ, వీణ్ణీ కలిపి తిట్టుకుంటూ పడుకున్నాను. ఉప్పు, పసుపు, ముక్కిన గడ్డి వాసన. పైన తలకిందులుగా బర్రె ముఖం. బీడీలు తాగిన ఛాతీ, ఊపిరి కుదుటపడదే!

"మెల్లగ బాపు. గంత దమ్ముతోని కాదు."

నాకు నేర్పేవాడు తయారయ్యాడు! కళ్లు మూసుకున్నాను. గరుకు నాలుక ఒకసారి తోలు మీద, ఒకసారి నా మణికట్టు మీద. బకెట్లో పాల ధార చప్పుడు మొదలైంది. నా కోపం ఎక్కడుందా అని వెతికాను. ఉంది, దుడ్డె కిందే, నాతో పాటే లేస్తూ దిగుతూ.

ఇంతలో దగ్గు తెర ముంచుకొచ్చింది. దగ్గితే బర్రె బెదురుతుందని ఊపిరి బిగబట్టాను.

నా మీద దుడ్డె దిగింది. మళ్లీ లేచింది.

గడ్డి కదా, అణిగింది లేస్తుంది, అనుకున్నాను. అది మళ్లీ దిగింది, మెల్లగా.

"గట్లనే బాపు, ఆపకు. వస్తున్నయ్" అన్నాడు కొడుకు.

నేనింకా ఊపిరి తీసుకోలేదు.