మళ్లా సూడు

పొద్దున ఆఫీసు తలుపు తీస్తుండగానే ఫోను మోగింది. చిత్తూరు నుంచి సార్ కొడుకు. "నాయన పోయినాడక్కా, తెల్లారుజామున" అన్నాడు. "అయ్యో" అన్నాను. కానీ ఆ అయ్యో నోట్లోంచి రాకముందే మనసులో ఇంకో మాట మెదిలింది: మార్కుల లెక్కలో మిగిలిపోయిన ఆ తప్పు ఇంక ఎవరు సరిచేస్తారు? నాకు చదువు చెప్పిన మనిషి పోయారంటే ముందు తోచింది అదీ. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా సార్ గురించి రాయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

తిరుపతిలో మాకు లెక్కలు చెప్పిన సార్, తరవాత కాలేజీ కంప్యూటర్ సెంటరుకు పెద్ద అయ్యారు. నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నదీ ఆయనే. గది నిండా ఉండే పాత మిషను పోయి, బల్లమీద పట్టే కొత్తది వచ్చినప్పుడు పెద్ద చిక్కొచ్చి పడింది. పరీక్ష మార్కులు వేసే ప్రోగ్రాములన్నీ ఫోర్ట్రాన్ భాషలో, పాత మిషనుకు సరిపోయేట్టు రాసినవి. కొత్తదానికి అవి ఒక్క ముక్క అర్థం కావు. అన్నీ తిరగరాయాల్సిందేనని తెలిసినవాళ్లు తేల్చేశారు. సార్ ఒక్కరే ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం క్యారియరు విప్పి, సంగటి ముద్దలో బొటనవేలితో గుంట చేసి ఊరిబిండి పచ్చడి పెట్టుకుంటూ చెప్పారు. "మా ఊళ్లో వీధినాటకం ఆడతారు. నిరుడు రాజు వేషం కట్టినోడు ఈ ఏడు రాలేదనుకో. నాటకం తిరగరాస్తామా? ఇంకొకణ్ణి పిలిచి వేషం కట్టిస్తాం. కిరీటం పెట్టుకున్నోడే రాజు."

అలా ఎక్కడా లేని ఒక మిషనును ఆయన ఊహించారు. అది ఏ ఆజ్ఞలకు కదులుతుందో తనే కాగితం మీద నిర్ణయించారు. మా పాత ప్రోగ్రాములన్నిటినీ ఆ ఆజ్ఞల్లోకి మార్చడానికి ఒక తర్జుమా ప్రోగ్రాము రాశారు. కొత్త మిషను చేత ఆ లేని మిషనులా నటింపజేయడానికి ఇంకో చిన్న ప్రోగ్రాము. రేపు ఇంకో మిషను వస్తే దానికీ వేషం కట్టిస్తే సరి, నాటకం జోలికి పోనక్కర్లేదు. మా సెంటరులో ఆ లేని మిషనుకు 'వేషం' అనే పేరే నిలిచిపోయింది.

ప్రోగ్రాములో తప్పుంటే మిషన్లు మామూలుగా ఏదో నంబరు కొట్టి ఊరుకుంటాయి. సార్ రాసిన తర్జుమా ప్రోగ్రాము మాత్రం తప్పున్న వరుసను చూపించి, పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో 'మళ్లా సూడు' అని కొట్టేది. మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అది చూసి నవ్వాడు. సార్ ఏమీ చిన్నబుచ్చుకోలేదు. "తప్పు తప్పని అరిస్తే పిల్లోళ్లు బెదురుతారు. మళ్లా సూడమంటే మళ్లా సూస్తారు, అంతే గదా" అన్నారు.

రిటైరయ్యాక చిత్తూరుకు వెళ్లిపోయారు. ప్రోగ్రాము మొరాయించిన ప్రతిసారీ నేను వాళ్ల ఎదురింటికి ఫోను చేసేదాన్ని. మర్నాడు గొడుగుతో, క్యారియరుతో బస్సు దిగేవారు. "పక్కన కూర్చోమ్మా, ఈడ సూడు" అనేవారు. నేను కూర్చుంటేగా! కాఫీ తెస్తాననో, ఆ పనుంది ఈ పనుందనో లేచిపోయేదాన్ని.

"నేర్చుకోమ్మా. వేషం కట్టించేది ఒకనికే తెలిస్తే, నాటకం వానితోనే పోతాది" అన్నారు ఒకసారి.

"మీరుండగా మాకేం భయం సార్" అన్నాను. గౌరవం అనుకున్నారో ఏమో, నవ్వారు. గౌరవమూ కాదు, పాడూ కాదు. ఒట్టి బద్ధకం.

చివరిసారి దగ్గుతూ వచ్చారు. ఒక పిల్ల పరీక్షకు రాకపోతే, జాబితాలో ఆమె తరవాతి పిల్లకు కూడా సున్నా పడుతోంది. పొద్దు వాలేదాకా వెతికి, తప్పు తర్జుమా ప్రోగ్రాములోనే ఉందని పట్టుకున్నారు. "ఇంకా రవంత ఉండాది. వచ్చే వారం వస్తాలేమ్మా" అని గొడుగు తీసుకున్నారు. "తప్పకుండా రండి సార్, రిజల్ట్సు దగ్గర పడ్డాయి" అన్నాను. ఆ దగ్గేమిటి సార్, డాక్టరుకు చూపించారా అని అడగలేదు. అడగాలని తోచనే లేదు.

చిత్తూరు వెళ్లి సార్ భార్యను పలకరించాను. "నీ ఫోను వస్తే సాలు తల్లీ, మందు మింగేది గూడా మరిసిపోయి బస్సెక్కేస్తా ఉండె. అంత ఇష్టం ఆయనకు ఆ పనంటే" అంది. నిష్ఠూరంగా అనలేదు, సంతోషంగానే చెప్పింది. ఆమె నాలుగు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

తిరిగొచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఎవరి బిడ్డో పరీక్ష బాగా రాసి, ఇంకెవరో రాని పాపానికి సున్నా తెచ్చుకోబోతోంది. సార్ తర్జుమా ప్రోగ్రామును కూడా ఫోర్ట్రాన్‌లోనే రాశారు. అందుకని దాన్ని మార్చినా మళ్లీ దాని చేతే తర్జుమా చేయించాలి; సరిచేయబోయి నేను చేసే తప్పుల్ని పట్టేదీ అదే. ఒక వరుస మార్చాను. మళ్లా సూడు. ఇంకోటి మార్చాను. మళ్లా సూడు. అలవాటు చొప్పున చేయి ఫోను మీదికి పోయి, ఖాళీగా వెనక్కి వచ్చింది. సార్ ఉండగా పక్కన కూర్చుని వినాల్సిన మాటను, ఆయన పోయాక మిషను నోట విన్నాను. వింటూ వింటూ నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం మార్కులన్నీ సరిగ్గా వచ్చాయి. ఎవరి సున్నా వాళ్లకే పడింది. గదిలో అందరూ అమ్మయ్య అనుకుని భోజనానికి లేచారు. నేను లేవలేకపోయాను. కాగితం చివరిదాకా శుభ్రంగా వచ్చింది. ఎక్కడా ఆ మాట లేదు.

కావాలనే ప్రోగ్రాములోంచి ఒక కామా తీసేసి, మళ్లీ నడిపించాను. మిషను కాసేపు ఊరుకుని, టకటకమని కొట్టింది.

మళ్లా సూడు.