బంతిపూల దండ మీద వేసిన నింద

మా స్టూడియోలో కంప్యూటర్ ఆరిపోయిన కథ చెప్పి నేను ఎంతోమందిని నవ్వించాను. దసరాకు నా భార్య బంతిపూల దండ వేసి దానికి ఊపిరాడకుండా చేసిందని చెప్పేవాణ్ని. తప్పు ఆమెది కాదు.

మాది నకిరేకల్‌లో ఫోటో స్టూడియో. నేను షూటింగ్ చేస్తాను, ఆమె ఎడిటింగ్ చేస్తుంది. బతుకమ్మకు పుట్టింటికి వచ్చిన ఒక కొత్త పెళ్లికూతురు, దసరా మర్నాడు మేళ్లచెరువుకు, అత్తగారింటికి బయలుదేరింది. బస్సెక్కేలోపు పెళ్లి వీడియో కావాలని అవ్వను వెంటబెట్టుకుని వచ్చి కూర్చుంది. వీడియో తయారవుతూ సగంలో కంప్యూటర్ ఆరిపోయింది.

ముందురోజు ఆయుధ పూజకు వేసిన దండ కంప్యూటర్ డబ్బా మీద అలాగే ఉంది. గాలి పోయే జాలీ ముందు నాలుగు పూలు వేలాడుతున్నాయి.

"గీ పూలే కొంప ముంచినయ్," అన్నాను అందరి ముందు. నా భార్య ముఖం చిన్నబోయింది. దండ తీసేసింది.

మళ్లీ పని మొదలుపెట్టి, లినక్స్ టెర్మినల్‌లో, లోపలి వేడిని, ఫ్యాను వేగాన్ని చూపే సెన్సర్స్ కమాండ్ నడిపాను. ప్రాసెసర్ వేడి తొంభై డిగ్రీలకు చేరుతోంది. ఫ్యాను వేగం మాత్రం కదలడం లేదు. వేడి పెరిగితే అది తనంతట తాను జోరందుకోవాలి. అప్పుడు గుర్తొచ్చింది. వీడియోల్లో వ్యాఖ్యానానికి నా గొంతు రికార్డు చేస్తుంటే చప్పుడు వస్తోందని, కొద్దిరోజుల ముందు ఫ్యాను వేగం తగ్గించి, పెరగకుండా పెట్టింది నేనే. మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చలేదు.

నా భార్య అవ్వకు చాయ్ ఇస్తుండగా, ఆమె చూడకుండా ఆటోమేటిక్‌కు మార్చేశాను. ఫ్యాను హోరెత్తింది, వేడి దిగింది.

"చూసినవా, పూలు తీయంగనే!" అన్నాను.

వీడియో పూర్తయింది. తెర మీద, బరాత్ ఊరేగింపులో అవ్వ చీర కొంగు నడుముకు చుట్టి చిందేస్తోంది.

"మోకాళ్ల నొప్పులని దవాఖానకు తిప్పిచ్చుకునేది నువ్వేనా అవ్వా?" అంది మనవరాలు.

"దవాఖానల బ్యాండు కొడ్తరా బిడ్డా? కొడ్తే ఆడ గూడ ఆడుత."

మా నవ్వులకు పక్క దుకాణం వాళ్లు వచ్చి చూశారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నా భార్యే. అంత సంతోషంలో నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాత ఏళ్ల తరబడి ఆ నిందనే జోకు చేసుకున్నాను.

మొన్న ఆమెకు అంతా చెప్పాను.

"ఫ్యాను చప్పుడయితాందని దాన్ని తగ్గిచ్చినవా? నీ గొంతే జర పెద్దగ చేస్తే కాకపోవునా?"

ఇప్పుడు ఫ్యాను జోలికి పోకుండా, అరిచే రికార్డు చేస్తున్నాను. పక్క గదిలోంచి ఆమె, "ఇంకా పెద్దగ!" అంటోంది.