బెదిరినవాళ్ల అడుగులు

చింతపల్లి ఆసుపత్రిలో పెదనాన్న పోయాడని మొన్న అక్కడి నుంచి జీపులో వచ్చినవాళ్లు కబురు చెప్పారు. బతుకంతా ఊరి పశువులు కాసిన మనిషి. ఆయన గురించి పేపర్లో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ఇందులో కొంత కోపం కూడా ఉంది, దాచుకోను.

మంద బెదిరితే మిగతా కాపరులు దాని వెంట పడేవారు. పెదనాన్న మాత్రం వెనక్కి, గిట్టల జాడ మొదలైన చోటికి వెళ్లేవాడు. అక్కడ చిరుత అడుగో, ఎవరో కాల్చిన టపాకాయ ముక్కలో కనిపించేవి. అది తేల్చుకున్నాకే పశువుల్ని వెతికేవాడు. పారిపోయిన గొడ్డును ఏనాడూ కొట్టలేదు. "బెదిరిందానికేటి తెలుసు? బెదిరించినోడిని అడగాల" అనేవాడు.

నిరుడు చలికాలంలో మా ఊరి మైదానంలో దుప్పట్లు పంచారు. జల్లు పడి నేల మెత్తగా ఉంది. వరుస సగం కదలకముందే, దుప్పట్లు దింపిన వ్యాను హారన్ మోగిస్తూ రివర్సులో వచ్చి, చివర కూర్చున్న ముసలివాళ్ల మీదికి ఎక్కబోయింది. జనం చెల్లాచెదురయ్యారు. ఒక ముసలమ్మ చెయ్యి విరిగింది. మర్నాడు పేపర్లో 'దుప్పట్ల కోసం తొక్కిసలాట' అని వచ్చింది.

ఆ రోజే విచారణకు వచ్చిన ఆఫీసరు, సాక్షుల మాటలు రాసే పని బడి పంతులమ్మనని నాకు అప్పగించారు. నేనూ 'తొక్కిసలాట' అనే రాశాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఆ రోజు వరుసలో ఉన్న పెదనాన్న కూడా ఒక సాక్షి. వేలిముద్ర వేసే ముందు చదివించుకుని, ఆ మాటకు అర్థం అడిగాడు. తొక్కడం నుంచి వచ్చిందనీ, కొట్లాటలాగే ఒకరినొకరు తొక్కుకోవడమనీ చెప్పాను. మంద బెదిరినా, జనం ఎగబడినా అదే రాస్తారన్నాను.

"అయితే తప్పు మనదేనని రాసీసినావు. నాను ముద్దరెయ్యను. ఇది బెదురు" అన్నాడు.

ముద్ర పడకపోతే ముసలమ్మ వైద్యానికి సాయం ఆగిపోతుందని ఆఫీసరు హెచ్చరించారు. పెదనాన్న మమ్మల్ని మైదానానికి తీసుకెళ్లాడు. మైదానానికి ఒక పక్క గెడ్డ, అంటే మా ఊరి వాగు, ఉంది. ఎర్రమట్టిలో అడుగులు ఆరి గట్టిపడ్డాయి.

"దుప్పట్లకి పరిగెడితే కాళ్లు దుప్పట్లేపుండాల గదా బాబూ. ఇయన్నీ గెడ్డేపున్నాయి. ఎక్కడ మొదలయ్యాయో సూడండి."

మొదలైన చోట వ్యాను చక్రాల చాళ్లున్నాయి. నేను ఆ మాట కొట్టేసి, వ్యాను మీదికి రావడంతో జనం బెదిరి గెడ్డవైపు పారిపోయారని రాశాను. అప్పుడు ముద్ర వేశాడు. ముసలమ్మకు వైద్యం అందింది. పేపరువాళ్లు మాత్రం ఇప్పటికీ దిద్దుకోలేదు. ఆ మాట ఎక్కడ కనబడినా, ముందు బెదిరించిందెవరో అడగమని మా బడి పిల్లలకు చెబుతున్నాను. చెబుతూనే ఉంటాను.

ఆ మైదానంలో ఇంకొకటి కూడా జరిగింది. దగ్గరగా ఫోటో తీద్దామని ఆఫీసరు బూటు కాలు ముందుకు వేయబోయారు. ఎదురుగా ఒక చిన్న పాదం గుర్తు ఉంది. పెదనాన్న తన కర్రను అడ్డం పెట్టాడు.

"తొక్కకండి బాబూ" అన్నాడు.

ఆఫీసరు ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి తీసుకున్నారు.