లక్ష్మివారం నాటి రక్త నమూనాలు

మా ఇంట్లో యాంటీబాడీ అంటే ఏమిటో మొదట అర్థం చేసుకున్నది మా చిన్నాన్న. బరంపురంలో ఆయనకు దుప్పట్లు, తువ్వాళ్ళు, దోమతెరల హోల్‌సేల్ దుకాణం ఉంది. నేను ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా ముగించి మలేరియా సర్వేలో చేరిన రోజున ఆయనకు ఓపిగ్గా చెప్పాను. జ్వరం వచ్చి తగ్గిపోయినా, దానితో పోరాడటానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు రక్తంలో చాలాకాలం మిగిలి ఉంటాయి. వేలి చివర నుంచి ఒక చుక్క తీసి పరీక్షిస్తే, ఆ మనిషికి ఎప్పుడైనా మలేరియా వచ్చిందో లేదో తెలుస్తుంది. ఆస్పత్రి గడప తొక్కనివాళ్ళ సంగతి కూడా బయటపడుతుంది.

చిన్నాన్న "అయితే ఏ ఊళ్ళో మసారీలు అమ్ముడవుతాయో నీకు ముందే తెలిసిపోద్దన్నమాట" అన్నాడు. మసారీ అంటే ఒడియాలో దోమతెర. మా దుకాణానికి వచ్చే తెలుగువాళ్ళు కూడా అదే మాట అంటారు.

మా ఆఫీసరుగారు దీన్ని సరిగ్గా తిరగేసి అర్థం చేసుకున్నారు. ఆయన దృష్టిలో సర్వే జరిగేది మలేరియా ఉందో లేదో తెలుసుకోవడానికి కాదు, లేదని రుజువు చేయడానికి. ఆయన గదిలో గోడకు ఒక పటం ఉండేది. కేసులున్న ఊళ్ళకు ఎర్ర గుండుసూది, లేని ఊళ్ళకు పచ్చ గుండుసూది. ఆంధ్రా సరిహద్దు పక్కనున్న ఒక తెలుగు రైతుల ఊరికి మూడేళ్ళుగా పచ్చ సూదే. ఆ ఊరి పేరుతో 'మలేరియా రహిత గ్రామం' అని బోర్డు కూడా రాయించేశారు. సర్వే ఇంకా మొదలు కాలేదు కానీ రంగు ఆరిపోయింది. మందు పట్టించిన దోమతెరల బేళ్ళున్న స్టోరు గదిలో, ఆ బేళ్ళకే ఆనించి బోర్డును నిలబెట్టారు. సర్వేలో ఊరు నెగ్గితే బోర్డు వెళుతుంది, తెరలు వేరే ఊరికి పోతాయి. ఓడితే ఊరంతటికీ తెరలు వెళతాయి. ఒకే ఊరికి రెండూ ఇచ్చే ఏర్పాటు లేదు.

ఇది తేల్చేది పిల్లలు. పెద్దవాళ్ళ రక్తంలో యాంటీబాడీలు కనిపించినా అవి ఎప్పటివో చెప్పలేం. ఏడాది లోపు బిడ్డకు తల్లి నుంచి వచ్చినవి ఉండవచ్చు. అందుకని ఏడాది నిండి మూడేళ్ళు దాటని వాళ్ళను తీసుకున్నాం. వీళ్ళంతా పచ్చ సూది గుచ్చాక పుట్టినవాళ్ళు. వీళ్ళలో ఒక్కరి రక్తంలో యాంటీబాడీలు పలికినా, దోమ తన పని మానలేదని అర్థం. అలాంటి పిల్లలు ఆ ఊళ్ళో పన్నెండు మంది తేలారు. పేరు, తండ్రి పేరు, ఇంటి గుర్తు, వయసు నెలల్లో, కార్డు నంబరు, ఇలా అయిదు గళ్ళతో జాబితా రాసుకున్నాను.

ఆ ఊరి ఆశా కార్యకర్తకు నలభై దాటి ఉంటాయి. నన్ను బాబు అనేది. మొదటిసారి వెళ్ళినప్పుడే ఊళ్ళోని పాత తెరలన్నీ తిప్పి చూపించింది. ఒకటి వంకాయ మడి చుట్టూ కోళ్ళకు అడ్డంగా కట్టి ఉంది. ఒకటి పెళ్ళిలో లడ్డూల మీద కప్పడానికి పోయి తిరిగి రాలేదు. మిగిలినవాటి చిరుగుల్లోంచి దోమ కాదు, పిల్లి దూరేలా ఉంది. బోర్డు సంగతి నేను చెబితే ఆమె నవ్వలేదు.

"బోర్డు కింద పడుకోబెట్టమంటారేటి పిల్లల్ని" అంది.

సర్వే జీపు ఒక్కటే. సోమ, మంగళవారాలు అస్కా వైపు, బుధవారం ఆర్యపల్లి తీరం, గురువారం సరిహద్దు ఊళ్ళు. ఆర్యపల్లిలో రక్తపు చుక్కలు వేసిన కాగితం కార్డుల్ని చేపల పక్కనే ఆరబెట్టాల్సి వచ్చింది. ఒక కార్డును కాకి ఎత్తుకుపోయింది. రిజిస్టరులో 'నమూనా కాకి తీసుకుపోయినది' అని రాశాను. దాని మీద మూడు లేఖలు నడిచాయి. మొదటి లేఖలో కాకిని ఎందుకు అడ్డుకోలేదని అడిగారు.

మా సరిహద్దు ఊరి వంతు మార్గశిరంలో పడింది. గురువారం. ఆ నెలలో ఆ వారాన్ని మావాళ్ళు లక్ష్మివారం అని ఎంత గట్టిగా పాటిస్తారో బరంపురంలో పుట్టిన నాకు తెలుసు. తెలిసీ, సర్క్యులరులో తేదీ మాత్రమే చూశాను. మేం దిగేసరికి ప్రతి గుమ్మం ముందూ బియ్యప్పిండి ముగ్గు, లోపలికి నడుస్తున్నట్టు లక్ష్మి పాదాలు. పెద్దవాళ్ళు కొందరు పొలం గట్ల మీద వేళ్ళు చాపారు. పొలం ఇల్లు కాదు కాబట్టి అభ్యంతరం లేదు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"లచ్చిమి ఇంట్లో ఉన్న పూట ఉప్పురాయి కూడా బయటికియ్యం. సంటిపిల్ల రక్తం ఇత్తామేటి" అంది.

పన్నెండు ఇళ్ళలోనూ అదే జవాబు. డ్రైవరు ఒడియా ఆయన. వాళ్ళింట్లోనూ ఆ రోజు అగ్గిపుల్ల బయటికి ఇవ్వరట. ఆయన పూర్తిగా ముసలమ్మ పక్షం వహించి జీపులోకి వెళ్ళి కూర్చున్నాడు. శనివారం లోపు కార్డులు ల్యాబులో ఉండాలి. నేను పన్నెండు కార్డులు, పన్నెండు సూదులు, నా జాబితా ఆశా కార్యకర్త చేతిలో పెట్టి, రేపు తీసి పంపమన్నాను. ఇది నియమావళికి విరుద్ధం. ఆ నియమావళి మా ల్యాబు గోడకు అతికించి ఉంటుంది. అతికించింది నేనే.

శనివారం ఆమె బస్సెక్కి బరంపురం వచ్చి కవరు అందించింది. పన్నెండు కార్డులూ నిండాయి. ప్రతి చుక్కా గుండ్రంగా, గీసినట్టుంది. ఏడుస్తూ చేయి లాక్కునే పిల్లల దగ్గర అంత చక్కటి చుక్కలు నేను ఎన్నడూ తీయలేకపోయాను. ఆమె నైపుణ్యానికి మెచ్చుకున్నాను. ఆమె నేల చూసింది.

చుక్కల్ని కత్తిరించి, నానబెట్టి, పలకలోని గుంటల్లో పోశాం. యాంటీబాడీలుంటే రంగు వస్తుంది. పెద్దవాళ్ళవి కొన్ని ముదురు, కొన్ని లేత. పిల్లలవి పన్నెండూ ముదురు పసుపు. యంత్రం చెప్పిన అంకెలు పన్నెండింటికీ దాదాపు ఒకటే. మళ్ళీ చేశాను. మళ్ళీ అవే.

సమీక్షా సమావేశంలో గది మొత్తం చల్లబడింది. ఆఫీసరుగారు ఏం చెప్పినా ఒడియాలో 'చిత్తం' అన్నట్టు "ఆజ్ఞా, ఆజ్ఞా" అనేవాళ్ళు ఆ రోజు ఎప్పుడు అనాలో తెలియక ఇబ్బంది పడ్డారు. మూడు కారణాలు చర్చకు వచ్చాయి. యంత్రం పాతది, కాగితం నాసిరకం, టెక్నీషియన్ కొత్తవాడు. మొదటి రెంటి కొనుగోలు ఫైళ్ళ మీద అక్కడున్నవాళ్ళ సంతకాలున్నాయి కాబట్టి మూడోది ఏకగ్రీవంగా ఆమోదించారు. నాకు కోపం వచ్చింది. ఆదివారం సొంత ఖర్చుతో బస్సెక్కాను.

ఆశా కార్యకర్త గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను అంకెల కాగితం చూపించాను. పన్నెండు మంది పిల్లల రక్తం ఒకేలా ఉండదని చెప్పాను. ఆమె చింతపండు పక్కకు నెట్టి ఎడమ చేయి చాపింది. వేళ్ళ చివర్లన్నీ నల్లటి చుక్కలు.

"సుక్కురోరం కూడా ఇయ్యం అన్నారు బాబు. అదీ లచ్చిమి రోజే కదా. సెనివారం నువ్వేమో కావాలంటివి. పిల్లలందరూ నా సేతుల మీద పుట్టినోల్లే. నాదైతే ఏటి, ఆల్లదైతే ఏటి అనుకున్నాను."

మరి నీ రక్తంలో అంత రంగు ఎక్కడిదని అడిగాను. శ్రావణంలో తనకు చలిజ్వరం వచ్చిందట. పరీక్ష కిట్టులో రెండు గీతలు కనిపించాయట. మాత్రలు మింగి ఊరుకుందట. ఆ ఒక్క కేసు రిజిస్టరులో రాసి ఉంటే ఊరికి అప్పుడే తెరలు వచ్చేవి. ఆ మాట నేను అనకముందే ఆమె అంది.

"తెలుసు. గాని నెల మీటింగులో కేసున్నోల్లని నిలబెడతారు. కేసు లేనోల్లకి కుర్సీ, సమోసా. అందరూ కూకుంటే నేనొక్కదాన్ని నిలబడాల. సిగ్గేసింది బాబు."

సమోసాకు ఒక ఊరు పచ్చగా మారుతుందని మా పాఠ్యపుస్తకాల్లో లేదు. ఆ రోజు ఏ దేవతా ఇంట్లో లేదని ముసలమ్మ నిర్ధారించాక, మేమిద్దరం పన్నెండు ఇళ్ళూ తిరిగాం. ఈసారి పిల్లలు ఏడ్చారు, ఒకరు నన్ను కరిచారు, చుక్కలు వంకరటింకరగా పడ్డాయి. నాకు నమ్మకం కుదిరింది. పన్నెండు మందిలో ముగ్గురి రక్తం పలికింది.

పాత కార్డుల మాట దాచకుండా రాశాను. నియమం తప్పి కార్డులు ఇతరులకు అప్పగించినది టెక్నీషియన్ అనీ, అందువల్ల అవి చెల్లవనీ రాసి సంతకం పెట్టాను. సమావేశం నిర్ణయం నిజమేనని ఒప్పుకోవడం కొంచెం కష్టమైంది. ఆమె శ్రావణ జ్వరం మాట మాత్రం ఆమే తన రిజిస్టరులో రాస్తానంది. రాసింది కూడా. తర్వాతి మీటింగులో నిలబడిందట.

ఆఫీసరుగారు మెమో ఇచ్చి, కూర్చోబెట్టి, మృదువుగా మాట్లాడారు. ఆ ముగ్గురు పిల్లలూ తల్లిదండ్రులతో వలస పోయి జ్వరం బయటి నుంచి తెచ్చుకుని ఉండవచ్చు కదా, ఆ సంగతి రిమార్కుల గడిలో రాయమన్నారు. అలా రాస్తే ఊరు పచ్చగానే ఉంటుంది. కనుక్కుని రాస్తానన్నాను. కనుక్కున్నాను. రిమార్కులు ఇలా రాశాను: మొదటి పిల్ల, ముప్పై నాలుగు నెలలు, ఇచ్ఛాపురంలో మేనత్త పెళ్ళికి వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చింది. రెండో పిల్లవాడు, ఇరవై ఆరు నెలలు, ఊరు దాటలేదు. మూడో పిల్ల, పద్దెనిమిది నెలలు, నడుస్తుంది, గడప దాటడం ఇంకా రాలేదు.

ఆయన దాన్ని రెండుసార్లు చదివి, పచ్చ సూది ఆయనే తీశారు. బోర్డు వృథా కాలేదు. ఊరి పేరు మీద రంగు పూసి, పక్క ఊరి పేరు రాశారు. ఆ ఊళ్ళో సర్వే జరగలేదు కాబట్టి ఇబ్బంది రాలేదు.

తెరలు ఫాల్గుణంలో వచ్చాయి. 'ఊరంతటికీ' అన్న మాట బల్ల నుంచి బల్లకు నడిచి 'చిన్నపిల్లలున్న ఇళ్ళకు' అయింది. ఇంటికొకటి. పంచింది ఆశా కార్యకర్తే. జాబితాలో పన్నెండు ఇళ్ళకూ టిక్కు పెట్టింది. ఆమె ఇంట్లో చిన్నపిల్లలు లేరు.

"సూడు బాబు, పన్నెండు కార్డుల మీదా నా రక్తమే కదా. ఆ లెక్కన పన్నెండు మసారీలూ నాకే రావాల" అంది, జాబితా నాకు తిరిగి ఇస్తూ.

నా గళ్ళలో దీనికి చోటు దొరకలేదు. తర్వాతి ఆదివారం చిన్నాన్న దుకాణం నుంచి ఒక తెర తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె దాన్ని విప్పి, ఎండకు ఎత్తి పట్టుకుని, నేత పరీక్షించింది.

"మందు నేదు దీనికి. దోమ దీని మీద కూకుని నాకోసం కాసుకుంటది."

అయినా మడిచి చంకలో పెట్టుకుంది. తర్వాత నా జేబులోంచి పెన్ను తీసుకుని, నా జాబితా కింద తన పేరు రాసుకుని, పక్కన ఒక టిక్కు పెట్టింది.

"ఒకటి ముట్టింది. ఇంకా పదకొండున్నాయి, రాసుకో" అంది.

రాసుకున్నాను.